వంజంగిలో టెంట్ వేసి చలికి చచ్చాం, ఈసారి పాపతో వెళ్తున్నాం, ఏం చేయాలి?

ఎంవీపీ_వాసి:

అందరికీ నమస్కారం. డిసెంబర్‌లో నేను, మా బావమరిది, వాడి ఫ్రెండ్ ఒకడు పాడేరు దగ్గరి వంజంగి కొండ మీంచి మేఘాలు చూద్దామని శనివారం మధ్యాహ్నం బయల్దేరాం. చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి పాడేరు చేరేసరికి చీకటి పడిపోయింది. కొండ కింద అందరూ టెంట్లు వేసుకునే చోట మాదీ వేశాం. పదకొండు దాకా చలిమంట దగ్గర కూర్చున్నాం, అప్పటిదాకా హాయిగానే ఉంది, ఇంత దానికా జనం భయపెడతారు అని నవ్వుకున్నాం కూడా.

ఒంటిగంటన్నరకి మెలకువ వచ్చింది. వీపు కింద ఎవరో ఐసుగడ్డ పెట్టినట్టు ఉంది. కింద డబుల్ ఎయిర్ బెడ్ వేశాం (ఇంటికి చుట్టాలొస్తే హాల్లో వేసేది), పైన మనిషికి రెండు రగ్గులు, జీన్స్, స్వెట్టర్. అయినా అటు దొర్లినా చలే, ఇటు దొర్లినా చలే. ఫోన్‌లో 8 డిగ్రీలు చూపిస్తోంది. దానికి తోడు టెంట్ పైకప్పు నుంచి మొహం మీద చుక్కలు చుక్కలుగా నీళ్ళు. వాన పడుతోందేమో అని బయటికొచ్చి చూస్తే ఆకాశం నిండా నక్షత్రాలు! మూడింటికి ముగ్గురం కార్లోకి వెళ్ళి అద్దాలు మూసుకుని ఇంజన్ ఆన్ చేసుకుని పడుకున్నాం. తెల్లారి మేఘాలు చూశామంటే చూశాం, పళ్ళు టకటకలాడుతుంటే ఏం చూస్తాం.

ఇప్పుడు సంక్రాంతి అయ్యాక మళ్ళీ వెళ్దామని మా ఆవిడ, తొమ్మిదేళ్ళ పాప పట్టుబడుతున్నారు. బడ్జెట్ ఆరు వేలు దాటకూడదు. నా డౌట్లు రెండు. ఒకటి, ఆన్‌లైన్‌లో 1,600కి స్లీపింగ్ బ్యాగ్ కనిపిస్తోంది, దాని మీద పెద్ద అక్షరాలతో 0 డిగ్రీలు అని ఉంది, నమ్మొచ్చా? రెండోది, మా బావమరిది ఐడియా, పడుకునే ముందు ఒక చిన్న కుంపటి బొగ్గులతో టెంట్ లోపల పెట్టుకుందాం అంటున్నాడు. వాళ్ళ ఊళ్ళో బాలింతల గదిలో పెట్టేవారట, ఏమీ కాదట. మీరేమంటారు?

గాజువాక_రైడర్:

కుంపటి గురించి వేరేవాళ్ళు తిడతారు, నేను మీ ఎయిర్ బెడ్‌ని తిడతాను. మీ రాత్రి పాడవడానికి అదే కారణం. మామూలు ఎయిర్ బెడ్‌లో గాలి తప్ప ఏమీ ఉండదు, లోపల అంత ఖాళీ ఉంది కాబట్టి గాలి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, మీరు దొర్లిన ప్రతిసారీ ఇంకాస్త. మీ ఒంటి వేడి తీసుకెళ్ళి నేలకి ఇవ్వడం, నేల చల్లదనం తెచ్చి మీకు ఇవ్వడం, రాత్రంతా దాని పని అదే. హాల్లో నేల 25 డిగ్రీలు ఉంటుంది కాబట్టి ఇంట్లో తెలీదు.

చాలామంది చేసే తప్పు ఏంటంటే డబ్బంతా పైన కప్పుకునేదాని మీద పెడతారు. రగ్గు గానీ స్లీపింగ్ బ్యాగ్ గానీ వెచ్చగా ఉంచేది దాని పోగుల మధ్య కదలకుండా ఇరుక్కున్న గాలి వల్ల. మీ ఒంటి బరువు కింద పడ్డ భాగం అప్పడంలా నొక్కుకుపోతుంది, ఇక అందులో గాలెక్కడిది? అందుకే నాలుగు వేల బ్యాగ్ కొన్నా కింద సరైనది లేకపోతే వీపు చల్లబడుతుంది. కింద వేసే మ్యాట్‌కి ఆర్ వాల్యూ అని ఒక నంబర్ ఉంటుంది, ఎంత ఎక్కువైతే నేల చలిని అంత ఆపుతుంది. మీ ఎయిర్ బెడ్‌ది ఒకటి చుట్టూ ఉంటే గొప్ప. గట్టి ఫోమ్ మ్యాట్ (చుట్ట చుట్టి బ్యాగ్‌కి కట్టుకునేది, గాలి కొట్టక్కర్లేదు) రెండు దాకా వస్తుంది. ఇక్కడ మంచి విషయం, ఒకదాని మీద ఒకటి వేస్తే నంబర్లు కలుస్తాయి. రెండు మ్యాట్లు వేస్తే నాలుగు దగ్గర, మన మన్యం చలికి అది బోలెడు. పల్చటి యోగా మ్యాట్ ఒక్కటీ తీసుకెళ్ళి నన్ను తిట్టకండి.

స్లీపింగ్ బ్యాగ్ మీద 0 అని ఒకే నంబర్ ఉంటే నమ్మకండి. సరిగ్గా టెస్ట్ చేసినవాటికి ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని విడివిడిగా ఇస్తారు. కంఫర్ట్ అంటే ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని మామూలుగా నిద్రపోయే ఉష్ణోగ్రత. లిమిట్ అంటే మగవాడు ముడుచుకుని ఎలాగో రాత్రి గడిపేది. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం మిగిలితే చాలు అన్నది. చవక బ్యాగుల మీద వేసే నంబర్ చాలాసార్లు ఈ మూడోది, లేదా అసలు ఏ టెస్టూ చేయకుండా వేసింది. ఇంకో సంగతి, ఆ టెస్ట్ చేసేటప్పుడు మనిషి ఆకారంలో ఉన్న బొమ్మకి లోపలి వెచ్చని బట్టలు వేసి, కింద మ్యాట్ కూడా వేస్తారు. అంటే కంపెనీవాడే మ్యాట్ ఉందనుకుని నంబర్ ఇస్తున్నాడు. 1,600 బ్యాగ్ వద్దనను, కానీ అది పది డిగ్రీలకి పనికొస్తుందనుకుని కొనండి, మిగతాది ఇంట్లో ఉన్న రగ్గుతో సరిపెట్టండి.

పాపకి పెద్దవాళ్ళ బ్యాగ్ ఇస్తే కాళ్ళ దగ్గర సగం ఖాళీగా ఉంటుంది, అదంతా పాప ఒళ్ళే వేడెక్కించాలి. కింది భాగం మడిచి తాడుతో కట్టేయండి, లేదా మీ స్వెట్టర్లు అక్కడ కుక్కేయండి.

ఆర్కే_బీచ్_గాలి:

మన వైజాగ్ వాళ్ళకి రాత్రి 18 అయితేనే మంకీ క్యాపులు బయటికొస్తాయి, వీళ్ళు 8లో జీన్స్ వేసుకుని పడుకున్నారట. ఆ జీన్స్ చెమటకి తడిసి ఉంటుంది, అది ఆరాలంటే మీ ఒంటి వేడే ఖర్చవ్వాలి గురూ.

రాత్రి_డ్యూటీ:

నేను నర్సుని, క్యాజువాలిటీలో చేశాను. కుంపటి మాట వినగానే డ్యూటీ మధ్యలో కూర్చుని ఇది టైప్ చేస్తున్నా. వద్దు. చిన్నదైనా వద్దు, జిప్ కొంచెం తెరిచి పెట్టినా వద్దు, పడుకునే ముందు తీసేస్తాం అన్నా వద్దు (తీయరు, నిద్ర వచ్చేస్తుంది).

బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు ఉండదు, వాసన ఉండదు. పొగ రావట్లేదు, నిప్పులు ఎర్రగా ఉన్నాయి కాబట్టి సేఫ్ అనుకుంటారు, అదే మోసం. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌కి ఈ గ్యాస్ ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది, ఇక ఆక్సిజన్‌కి చోటుండదు. మొదట తలనొప్పి, వికారం, మగత. కొండెక్కి అలిసిపోయాం కదా అందుకే అనుకుంటారు. నిద్రలో ఉన్నవాడికి అది కూడా తెలీదు. గ్యాస్ స్టవ్ కూడా అంతే, లోపల టీ కాచుకోవడం లాంటివి పెట్టుకోకండి. బాలింత గది సంగతంటారా, అవి పెంకుటిళ్ళు, పెంకుల సందుల్లోంచి, తలుపు కిందనుంచి గాలి ఆడేది. ఆ ఇళ్ళలో కూడా అందరూ బాగానే ఉన్నారని నేను ఒప్పుకోను. నైలాన్ టెంట్‌లో నలుగురు పడుకుని పక్కన కుంపటి పెట్టడం దానితో పోలికే కాదు.

కార్లో అద్దాలు మూసి ఇంజన్ ఆన్‌లో పెట్టి ముగ్గురు నిద్రపోయారా? మీరు ఈ పోస్ట్ రాయడానికి మిగిలారు, సంతోషం. సైలెన్సర్ దగ్గర ఎక్కడ లీకున్నా, వెనకాల మట్టి గట్టు అడ్డమున్నా అదే గ్యాస్ లోపలికి వస్తుంది. ఒకేచోట ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి మొదలైతే ముందు అందరూ బయటికి, తర్వాత 108.

మా దగ్గరికి ఇంకో రకం వస్తారు, చలికి మందు వేసుకున్నవాళ్ళు. రమ్ము తాగితే వెచ్చగా అనిపించేది చర్మం కింద రక్తనాళాలు వెడల్పై లోపలి వేడి బయటికి వచ్చేయడం వల్ల. అనిపించడం వెచ్చగా, జరగడం చల్లబడటం. పాపని ఎక్కువ గమనించండి. వణుకుతోంది అంటే ఒళ్ళు ఇంకా పోరాడుతోందని. మాట ముద్దగా వస్తున్నా, పిలిస్తే చిరాగ్గా మగతగా ఉన్నా, వణకడం ఆగిపోయినా ఆలస్యం చేయొద్దు. తడి బట్టలు తీసేసి, మీ పక్కన పడుకోబెట్టుకుని కప్పి, వెంటనే పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఎంవీపీ_వాసి:

మేడమ్, మీ మెసేజ్ మా బావమరిదికి చదివి వినిపించాను. కుంపటి క్యాన్సిల్. కారు సంగతి మా ఆవిడకి తెలీదు, ఇప్పుడు తెలిసింది, ఇంట్లో చలి మొదలైంది.

పాడేరు_పిల్లోడు:

ఏటి సార్, మా ఊరొచ్చి మా ఊరి చలినే తిడుతున్నారు. 2022లో వైజాగ్ జిల్లా నుంచి విడిపోయి మాది అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది గానీ వీకెండ్ వస్తే కార్లన్నీ వైజాగ్‌వే.

సరే, ఎవరూ అడగని మాట నేనడుగుతా. టెంట్ ఎక్కడ వేశారు? చదునుగా ఉంది కదా అని కోత కోసేసిన వరి మడిలోనో, నీళ్ళు దగ్గరగా ఉంటాయని గెడ్డ పక్కనో వేసుంటారు. చల్లగాలి బరువు, నీళ్ళలాగే పల్లానికి జారుతుంది. రాత్రి ఏ రెండింటికో టార్చ్ వేసి చూడండి, మంచు మడుల్లో, గెడ్డ వెంబడి పాలు పోసినట్టు పరుచుకుని ఉంటుంది, పది ఇరవై అడుగులు పైనున్న గట్టు మీద ఉండదు. మా వాళ్ళు ఇళ్ళు ఎక్కడ కట్టుకున్నారో చూసి దాని పక్కన టెంట్ వేసుకోండి, అంతకంటే సైన్సు అక్కర్లేదు. చెట్టు కొమ్మల కింద అయితే మంచు కూడా తక్కువ పడుతుంది, ఎండు కొమ్మలున్న చెట్టు మాత్రం వద్దు. మరీ శిఖరం మీద వేస్తే గాలి కొడుతుంది, అదీ వద్దు.

నక్షత్రాలు కనిపించాయన్నారు, అందుకే అంత చలి. మబ్బు పట్టిన రాత్రి నేల వేడి పైకి పోకుండా మబ్బు దుప్పటిలా ఆపుతుంది. ఆకాశం తేటగా ఉండి గాలి ఆడకపోతే వేడంతా పైకి పోతుంది. అలాంటి రాత్రే లోయలో తేమ అంతా మంచై నిండిపోయి పొద్దున్నే మీరు ఫోటోలు తీసుకునే మేఘాల సముద్రం అవుతుంది. కాబట్టి మేఘాలు బాగా కనపడాలి, చలి మాత్రం వేయకూడదు అంటే కుదరదు. లంబసింగిని కొర్రబయలు అని ఊరికే అన్నారా, బయట పడుకున్నోడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని.

కిందకి నా సలహా వరిగడ్డి. మీరొచ్చే టైముకి నూర్పులైపోయి కుప్పలు వేసి ఉంటాయి. ఎవరైనా రైతుని అడిగి డబ్బులిచ్చి రెండు మోపులు తీసుకోండి, అడక్కుండా లాక్కోకండి, అది పశువుల మేత. టెంట్ వేయకముందు నేల మీద జానెడు మందాన పరిచి, దాని మీద ప్లాస్టిక్ పట్టా, ఆపైన టెంట్. మీరు పడుకుంటే నాలుగు వేళ్ళ మందానికి అణుగుతుంది, అదే చాలు. గడ్డి ఉన్నప్పుడు చలిమంట దూరంగా, గాలి వాలుకి కింద పెట్టండి, నిప్పురవ్వ ఒక్కటి చాలు.

పైన కారిన నీళ్ళు వాన కాదు సార్, మీ ముగ్గురి ఊపిరే. చలని కిటికీలన్నీ మూసేసి ఉంటారు. పైన ఉన్న గాలి కంతలు రెండూ తెరిచే ఉంచండి. టెంట్ మీద ఇంకో పట్టా బిగించి కప్పితే వెచ్చగా ఉంటుందనుకుంటారు, తడి ఇంకా ఎక్కువవుతుంది.

అమ్మమ్మ_బొంత:

ఇన్ని కొనమంటున్నారు గానీ మీ ఇంట్లో బొంత లేదా? పాత నేత చీరలు ఆరేడు పొరలు వేసి కుట్టింది? మా అమ్మమ్మ కుట్టినవి రెండు ఉన్నాయి, అరకు వెళ్ళినప్పుడల్లా కార్లో వేసుకుంటాను. స్లీపింగ్ బ్యాగ్ మీద ఒకటి కప్పితే బ్యాగ్ రేటింగ్ గొడవే ఉండదు. నూలు కాబట్టి తడవకుండా చూసుకోవాలి అంతే, టెంట్ గోడకి ఆనించకండి, అక్కడ చెమ్మ ఉంటుంది. గొంగళి దొరికితే ఇంకా మంచిది, ఉన్ని కొంచెం తడిసినా వెచ్చదనం అంత తొందరగా పోదు.

నాకు పని చేసే చిట్కా ఒకటి చెప్తాను అన్నయ్యా. స్టీల్ వాటర్ బాటిల్ (ఒకే పొర ఉండేది, ఫ్లాస్క్ కాదు, ఫ్లాస్క్ వేడి బయటికి ఇవ్వదు) నిండా వేడినీళ్ళు పోసి, మూత బిగించి, తలకిందులు చేసి రెండు నిమిషాలు చూసి, పాత సాక్స్ తొడిగి పడుకోవడానికి పావుగంట ముందు బ్యాగ్ లోపల పెట్టేయండి. పడుకున్నాక తొడల మధ్య. పాదాల దగ్గర కంటే అక్కడే బాగా పని చేస్తుంది, పెద్ద రక్తనాళాలు అక్కడ ఉన్నాయి కాబట్టి. పాపకి మాత్రం నేరుగా ఒంటికి తగలనివ్వకండి, టవల్ చుట్టండి.

పడుకునే బట్టలు వేరే, తిరిగే బట్టలు వేరే. సాక్స్‌తో సహా. ఆ బట్టల కవర్ సాయంత్రం దాకా విప్పొద్దు. చల్లబడ్డాక కాదు, వెచ్చగా ఉన్నప్పుడే లోపలికి దూరాలి, బ్యాగ్ వేడి పుట్టించదు, ఉన్న వేడిని ఆపుతుంది అంతే. పడుకునే ముందు టెంట్ చుట్టూ ఓ నాలుగు రౌండ్లు గబగబా నడిచి, రెండు పల్లీ చిక్కీలు తిని, బాత్రూంకి వెళ్ళొచ్చి పడుకోండి. రాత్రి చలిలో లేవాలని బద్ధకించి బిగబట్టుకుంటే నిద్ర రాదు, అది అందరికీ తెలిసిందే ఎవరూ చెప్పరు.

ఇంటికొచ్చాక బ్యాగ్‌ని ఆ చిన్న సంచిలో కుక్కి అటక మీద పడేయకండి. మన సముద్రపు గాలికి లోపల చెమ్మ పట్టి ముక్కిపోయిన వాసన వస్తుంది, దూది అణిగిపోయి మళ్ళీ పొంగదు. ఎండలో వేసి, పెద్ద దిండు గలీబులో వదులుగా పెట్టండి.

సింపుల్_మనిషి:

ఇదంతా ఎందుకండీ, పాడేరులో రూమ్ తీసుకుని పొద్దున్నే నాలుగింటికి లేచి కొండెక్కండి. మేఘాలు అవే.

ఎంవీపీ_వాసి:

పాపకి టెంట్ కావాలి సార్. మేఘాలు దానికి బోనస్.

ఎంవీపీ_వాసి:

వెళ్ళొచ్చాం. వివరంగా రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది.

ఎయిర్ బెడ్ ఇంట్లోనే వదిలేశాం. ఫోమ్ మ్యాట్లు నాలుగు, ఒక్కోటి 450. స్లీపింగ్ బ్యాగులు రెండు, ఆ 1,600వే. మొత్తం ఐదు వేలు. బొంత మా అత్తయ్యగారింటి నుంచి వచ్చింది, దాంతోపాటు జాగ్రత్తలు కూడా ఒక గంటసేపు వచ్చాయి. పోయినసారి టెంట్ వేసింది అచ్చం పాడేరు తమ్ముడు చెప్పినట్టు కోసేసిన మడిలోనే. ఈసారి ఊరి చివర ఒక ఇంటి పక్కన, వాళ్ళని అడిగి, పనస చెట్టు పక్కగా వేశాం. రెండు మోపుల గడ్డికి 200 ఇచ్చాం. నలుగురికి నాలుగు మ్యాట్లే కదా, గడ్డి లేకపోతే సరిపోయేవి కావు. మధ్యలో పాపకి మాత్రం సైడ్ మ్యాట్లు దగ్గరికి జరిపి అంచులు రెండు పొరలు వచ్చేలా వేశాం.

ఫోన్‌లో 7 చూపించింది. నేను ఒకసారి లేచాను, అదీ చలికి కాదు, మా బావమరిది గురకకి. వీపు కింద చలి అసలు తెలీలేదు. ఇన్ని వేలు పోసి దుప్పట్లు కొంటాం, అసలు సంగతి రెండు వందల గడ్డిలో ఉంది.

తప్పులు కూడా జరిగాయి. ఒక బాటిల్ మూత తలకిందులు చేసి చూడలేదు, అదే కారింది, మా ఆవిడ సాక్స్ తడిసిపోయాయి. అదనపు జత ఉంది కాబట్టి బతికాను. పాప తల లోపలికి దూర్చేసి బ్యాగ్‌లోపలే ఊపిరి పీల్చి వదిలింది, తెల్లారేసరికి మెడ దగ్గర గుడ్డంతా చెమ్మ. ముక్కు నోరు బయట ఉంచి చెవులకి టోపీ పెట్టాలని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. గాలి కంతలు తెరిచి ఉంచినందుకు పైనుంచి చుక్క పడలేదు గానీ పక్క గోడలు తడిగానే ఉన్నాయి.

ఐదున్నరకి కొండ మీద ఉన్నాం. మేఘాలు మోకాళ్ళ దాకా వచ్చినట్టే ఉన్నాయి.

పాడేరు_పిల్లోడు:

బావుంది సార్. గడ్డి ఏం చేశారు, అక్కడే వదిలేసి వచ్చారా?

ఎంవీపీ_వాసి:

లేదు, లేచేసరికి ఆ ఇంటి ఆవు పగ్గం తెంపుకుని వచ్చి టెంట్ కింద అంచు లాగుతోంది. పట్టా తీసేలోపు సగం అదే తినేసింది, మిగతాది పాప దగ్గరుండి తినిపించింది. 200 మాత్రం వెనక్కి అడగలేదు.